ఇరవై ఆరో తేదీన సువార్త పనికి వచ్చింది

కొత్త జిల్లాలు ఏర్పడిన రెండేళ్లలోపే, జూన్ నెల మొదటి సోమవారం, జగిత్యాలలో ఒక బట్టల దుకాణ సంస్థలో పర్సనెల్ మేనేజర్‌గా చేరాను. సంస్థ పేరు రాయడం లేదు. తెలిసినవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. అప్పటికి దానికి మూడు షాపులు ఉండేవి. పెద్దది జగిత్యాలలో, మిగతా రెండు కోరుట్ల, సిరిసిల్లలో. అంతకుముందు పద్నాలుగేళ్లు ఒక నూలు మిల్లు టైం ఆఫీసులో పని చేశాను. ఎవరు పనికి వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి వారాంతపు సెలవు ఎప్పుడు, ఎవరిని ఏ షిఫ్టుకు పంపాలి, ఇవన్నీ చూసేది టైం ఆఫీసు. పర్సనెల్ మేనేజర్ పని కూడా అదే. కుర్చీ కాస్త పెద్దది.

ఏడాదిన్నర కిందట, యాభై ఐదు నిండగానే మానుకున్నాను. వీడ్కోలు సభలో యజమాని మైకు పట్టుకుని నా గురించి నాలుగు మాటలు చెప్పాడు. వాటిలో ఒకటి ఇది: "కోరుట్ల లొల్లి యాదికున్నదా? లేబరాఫీసు దాంక పోయింది. మన రాజేశం ఒక్క సిట్టింగుల ఖతం చేసిండు." అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టి శాలువా కప్పించుకున్నాను. ఆ లొల్లి ఎలా ఖతమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఒక మనిషి పని ఎగ్గొట్టి పోయిందని ఆ సంస్థ కాగితాల్లో ఉంది. అది అబద్ధం. ఆ అబద్ధం నా చేతిరాతలో ఉంది.

బట్టల షాపు పని బయటివాళ్లకు కనిపించేది సగమే. ఒక చీర కొనడానికి వచ్చినవాళ్లు ముప్పై చీరలు విప్పించి చూస్తారు. సేల్స్‌మెన్ విప్పినవాటిని పరుపు మీద ఒక పక్కకు విసురుతూ పోతారు. షాపు మూసే వేళకు నడుమెత్తు కుప్ప అవుతుంది. మర్నాడు గిరాకీ ఊపందుకునేలోగా దాన్ని మడతపెట్టాలి. అంచుకు అంచు కలిపి, కొంగు పైకి వచ్చేలా, మిల్లులో పడిన పాత మడతల మీదే మళ్లీ మడవాలి. కొత్త గీత ఒక్కటి పడినా అది కట్టి విప్పిన చీరలా కనిపిస్తుంది, ఎవరూ కొనరు. ఈ పనికి ప్రతి షాపులో నలుగురైదుగురు ఆడవాళ్లు ఉండేవారు. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా వాళ్ల డ్యూటీ. రిజిస్టర్లలో వాళ్ల పేరు 'పార్ట్ టైం హెల్పర్లు'. షాపులో అందరూ 'సగం పూటోళ్లు' అనేవారు.

కోరుట్లలో ఆ పని చేసేవాళ్లలో పెద్దది రజియా బేగం. ఊళ్లోనే ఇల్లు, భర్తకు సైకిల్ రిపేరు దుకాణం. నోరు మంచిదే కానీ ఊరుకునేది కాదు. ఆమె పక్కన కూర్చునేది సువార్త. ఇబ్రహీంపట్నం మండలంలో ఒక చిన్న ఊరు. భూమి లేని కుటుంబం, భర్త మస్కట్‌లో. రోజూ మొదటి ఆటో పట్టుకుని ఏడుకు ఐదు నిమిషాల ముందే గేటు దగ్గర ఉండేది. పెళ్లి పట్టుచీరలు ఆమె చేతికి తప్ప ఇంకొకరి చేతికి ఇవ్వనని సూపర్‌వైజర్ నాతో చెప్పాడు. పదో తరగతి దాకా చదివింది.

ఇప్పుడు సెలవుల సంగతి. ఈ వృత్తి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జనవరి ఇరవై ఆరు, మేడే, ఆగస్టు పదిహేను, అక్టోబరు రెండు, వీటితోపాటు ఏటా కొన్ని పండుగలు, ఇవి వారాంతపు సెలవుకు అదనంగా పనివాళ్లకు ఇవ్వాల్సిన సెలవులు. ఏయే పండుగలో ముందే జాబితా రాసి, మేనేజర్ సంతకం పెట్టి, నోటీసు బోర్డుకు అంటించాలి. పండుగ రోజు షాపు తెరిచి పని చేయించుకుంటే బదులుగా మరో రోజు సెలవు ఇవ్వాలి. చట్టంలో ఉన్న మాట 'ప్రతి ఉద్యోగి'. ఎనిమిది గంటలవాడికి ఉంది, నాలుగు గంటలవాడికి లేదు అని అందులో ఎక్కడా లేదు. ఇది నాకు చేరిన రోజు నుంచే తెలుసు. తెలియక చేశానని ఎవరూ నన్ను వెనకేసుకురావద్దు.

ఆ ఏడు ఆగస్టు పదిహేను బుధవారం వచ్చింది. సగం పూట ఆడవాళ్లకు వారాంతపు సెలవు మంగళవారం. సోమవారం గిరాకీ తక్కువ కాబట్టి మంగళవారం కుప్ప చిన్నగా ఉంటుంది. జెండా పండుగకు ముందు వారం యజమాని నన్ను పిలిచాడు.

"రాజేశం, మంగళారం సెలవు, బుధారం సెలవు. నాలుగ్గంటల మనిషి వారంల రెండొద్దులు ఇంట్ల కూసుంటదానయా?"

చట్టంలో అందరికీ ఉందని చెప్పాను.

"చట్టం నువ్వు సూస్కో. గందుకే గదా నిన్ను పెట్టుకున్నది. నాకైతె గా రెండోది ఉండద్దు."

అరగంటలో దారి కనిపెట్టాను. ఆ వారానికి సగం పూటవాళ్ల వారాంతపు సెలవును మంగళవారం నుంచి తీసి బుధవారం మీద పెట్టాను. అంటే మంగళవారం పనికి రావాలి, జెండా పండుగ రోజు ఇంట్లో ఉండాలి. హాజరు రాసే మస్టర్‌లో ఆ బుధవారం ఫుల్ టైం వాళ్ల పేర్లకు ఎదురుగా 'హెచ్' అని, అంటే పండుగ సెలవని రాశాను. సగం పూటవాళ్లకు 'డబ్ల్యు ఓ' అని రాశాను, అంటే వారాంతపు సెలవు. ఎవరైనా తనిఖీకి వస్తే ఆ రోజు అందరూ ఇంట్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి వాళ్లకు దక్కాల్సిన ఒక రోజు మాయమైంది. యజమాని ఆ డ్యూటీ పట్టిక, అంటే చార్ట్, చూసి, "మంచిగున్నది, జగిత్యాల, సిరిసిల్లల గూడ గిట్లనే పెట్టు" అన్నాడు. పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మంగళవారం పొద్దున కోరుట్ల వెళ్లాను. ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని ఉన్నారు. రజియా తలెత్తకుండానే అడిగింది.

"సాబ్, జెండా పండుగకు సెలవిచ్చిండ్రు, మంగళారం గుంజుకున్నరు. గిది ఇచ్చుడా, గుంజుకునుడా?"

"చార్ట్ అట్లనే ఉంటదమ్మా."

"మేం సగం పూటోళ్లమని పండుగ గూడ మాకు సగం పూటే అస్తదా ఏంది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి జోకు కిందే తీసుకున్నాను.

మిగతా పండుగలు ఇంతకన్నా అన్యాయం. బతుకమ్మ, దసరా, రంజాన్, క్రిస్మస్ రోజుల్లో షాపు తెరిచే ఉంటుంది. ఫుల్ టైం వాళ్లకు సీజన్ అయిపోయాక బదులు సెలవులు ఇచ్చేవాళ్లం. సగం పూటవాళ్లకు అవీ లేవు. సద్దుల బతుకమ్మ నాడు పూలు పేర్చుకోవాల్సిన ఆడవాళ్లు ఎవరో కొనుక్కుపోయే చీరలను మడతపెడుతూ కూర్చునేవారు. మస్టర్‌లో ఆ రోజు వాళ్ల పేరుకు ఎదురుగా మామూలు 'పి' ఉండేది. వచ్చారు అని, అంతే.

మరుసటి ఏడు రంజాన్ రోజు స్టాకు పని మీద పొద్దున ఎనిమిదికి కోరుట్ల షాపుకు వెళ్లాను. సువార్త రెండు కుప్పల నడుమ కూర్చుని ఉంది. రజియా లేదు. మస్టర్ తెరిస్తే రజియా వచ్చినట్టు రాసి ఉంది. సూపర్‌వైజర్‌ను నిలదీశాను. వాడు నసిగాడు. సువార్తే చెప్పింది.

"సార్ను ఏమనకుండ్రి సార్. అక్క పండుగకు అక్క కుప్ప నేను మడుస్త. నా పండుగకు నాది అక్క మడుస్తది. మూడేండ్ల సంది గిట్లనే నడుస్తున్నది. ఆరింటికే అచ్చిన. ఒక్క చీర మిగిల్తె అడుగుండ్రి."

ఒక్క చీర కూడా మిగలలేదు. మేము ఇవ్వాల్సిన పండుగను మేము ఇవ్వకపోతే, ఈ ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకున్నారు. అందుకు ఒకరు తెల్లవారకముందే లేచి ఎనిమిది గంటల పనిని అయిదు గంటల్లో చేస్తున్నారు. ఆ క్షణంలో ఇది నాకు తట్టాల్సింది. తట్టలేదు. నాది మిల్లు బుర్ర. మిల్లులో ఒకడి హాజరు కార్డు ఇంకొకడు కొట్టడం కన్నా పెద్ద నేరం లేదు. మిషన్లో ఎవడిదైనా చెయ్యి పడితే లోపల ఉన్నది ఎవరో కూడా తెలియదు. మిల్లులో ఆ రూలుకు అర్థం ఉంది. చీరల కుప్ప ఎవరి చెయ్యీ నరకదు. అయినా ఆ రూలును మూటగట్టుకుని ఇక్కడికి తెచ్చాను. ఆ సాయంత్రమే మెమో తయారు చేశాను: 'ఒకరి డ్యూటీ మరొకరు చేయరాదు. చేసినచో ఇరువురూ గైర్హాజరుగా పరిగణింపబడుదురు.'

రెండో రోజు రజియా దాని మీద ఉర్దూలో సంతకం పెట్టి కాగితం నా వైపు జరిపింది.

"మీరు పండుగియ్యరు. మేం ఒకలికొకలం ఇచ్చుకుంటె గది గూడ ఓర్వరు. ఎట్ల సాబ్ మీతోని?"

నవంబరులో సువార్త సెలవు చీటీ పెట్టింది. డిసెంబరు ఇరవై ఐదు, ఒక్కరోజు. కారణం అన్న చోట 'క్రిస్మస్' అని రాసింది. నేను పిలిపించి, సరైన కారణం రాయమన్నాను. ఒంట్లో బాగాలేదనో, ఇంట్లో పెళ్లనో రాస్తే చూడవచ్చన్నాను.

"క్రిస్మస్ అని రాసిన గద సార్. పండుగకు మల్ల కారణమేంది?"

"అట్ల కాదమ్మా, రూల్ ప్రకారం..."

"రూలు మీ గోడకే ఉన్నది సార్. నేను రోజు దాని కిందికెల్లే అస్త. డిసెంబర్ ఇరవై ఐదు క్రిస్మస్ అని ఉన్నది. కింద మీ సంతకమున్నది."

నిజమే. నోటీసు బోర్డు మీద ఆ ఏటి సెలవుల జాబితా ఉంది, సంస్థ ముద్రతో, నా సంతకంతో. జవాబు లేనివాడు చేసే పనే చేశాను. ఎర్ర పెన్నుతో చీటీ మీద 'పార్ట్ టైం వారికి వర్తించదు' అని రాసి వెనక్కి ఇచ్చాను. ఆ వాక్యం ఏ చట్టంలోనూ లేదు, ఏ సర్క్యులర్‌లోనూ లేదు. అది అప్పటికప్పుడు నేను పుట్టించింది. సువార్త దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి రవికెలో పెట్టుకుంది. "నేనైతె రాను సార్. ముందే చెప్తున్న" అని వెళ్లిపోయింది. చెప్పకుండా ఎగ్గొట్టిందని తర్వాత ఎందరో అన్నారు. నెల ముందే చెప్పింది, నా ఎదుట నిలబడి చెప్పింది.

క్రిస్మస్ రోజు ఆమె రాలేదు. మెమో భయంతో రజియా ఆమె కుప్ప ముట్టలేదు. పది దాటినా ఒక మూల చీరల గుట్ట అలాగే ఉంది. ఆ రోజే యజమాని కోరుట్లలో ఉన్నాడు. నాకు ఫోను చేశాడు.

"ఎవలిది గా కుప్ప?"

చెప్పాను.

"రేపస్తె లోపటికి రానియ్యకు. మిగిలినోళ్లు సూడాలె."

ఒక్కరోజు రానందుకు మనిషిని తీసేయడం కుదరదని, నోటీసు ఇచ్చి సంజాయిషీ అడగాలని నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికే నాకు జీతం. చెప్పలేదు. "సరే సార్" అన్నాను.

ఇరవై ఆరో తేదీ, గురువారం. తెల్లవారకముందే జగిత్యాలలో బండి తీసి ఏడుకు ముందే కోరుట్ల చేరాను. సువార్త ఎప్పటిలాగే ఏడుకు ఐదు నిమిషాల ముందు వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా ఉంది. పండుగకు చేసిన గారెలు, కేకు ముక్కలు అందరి కోసం తెచ్చింది.

"మీకు గూడ తెచ్చిన సార్."

"లోపలికి పోవద్దు. సేటు చెప్పేదాకా ఆగు."

"ఏ... ఒక్కనాటికా సార్?"

నేను లోపలికి వెళ్లి క్యాష్ కౌంటర్ దగ్గర అద్దాల వెనుక కూర్చున్నాను. ఆమె మెట్ల పక్కన నిలబడింది. మిగతా ఆడవాళ్లు లోపలికి వెళ్లారు. తొమ్మిదిన్నరకు షట్టర్లు పూర్తిగా లేపారు, గిరాకీ మొదలైంది. వచ్చేపోయేవాళ్లు ఆమె పక్కనుంచే ఎక్కి దిగారు. ఆమె కూర్చోలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. రెండు మూడుసార్లు అద్దంలోంచి నా వైపు చూసింది. నేనూ చూశాను. పదకొండుకు ఆడవాళ్లు పని ముగించి బయటికి వచ్చారు. రజియా కౌంటర్ దగ్గర ఆగింది.

"నాలుగ్గంటలు నిలవడ్డది సాబ్. గది గూడ డ్యూటీయే. ప్రెజెంట్ ఏసుండ్రి."

బయట సువార్త చేతిలోని డబ్బా అందుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయింది. ఇరవై ఏడున సువార్త మళ్లీ వచ్చింది. ఈసారి వాచ్‌మన్ ఆపాడు. ఇరవై ఎనిమిదిన, మేమే పిలుస్తాం అప్పటిదాకా రావద్దని సూపర్‌వైజర్‌తో ఫోను చేయించాను.

నెలాఖరున మస్టర్ ముగించేటప్పుడు ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, నాలుగు గడుల్లోనూ 'ఎ' రాశాను. ఆబ్సెంట్. సంస్థ నియామక పత్రంలో ఒక షరతు ఉండేది. వరుసగా మూడు రోజులు అనుమతి లేకుండా రాకపోతే తనంతట తానే మానుకున్నట్టు లెక్క. దానితో ఎవరూ ఆమెను తీసేయనట్టే అయింది. తీసేసినట్టు కాగితం ఉంటే ఎందుకు తీశారని అడుగుతారు. మానుకుపోయినట్టు ఉంటే అడిగేందుకు ఏమీ ఉండదు. ఈ కిటుకు మా వృత్తిలో చాలామందికి తెలుసు. చాలామంది వాడతారు. వాళ్లందరి మీద నాకు ఇప్పుడు కోపం వస్తున్నది, అందరికన్నా ముందు నా మీద.

జనవరిలో సువార్త కార్మిక శాఖకు ఫిర్యాదు ఇచ్చింది. ఇలాంటివాటిలో అధికారి ముందుగా రెండు పక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. దాన్ని జాయింట్ మీటింగ్ అంటారు. యజమాని అన్న సిట్టింగు అదే. ఫిబ్రవరిలో జగిత్యాలలో తేదీ పడింది. ఆమెకున్న సాక్షి రజియా ఒక్కతే అని నాకు తెలుసు. ఆ తేదీకి రజియాను సిరిసిల్ల షాపులో స్టాకు మడతలకు వేస్తూ చార్ట్ గీశాను. సగం పూట మనిషిని అంత దూరం అంతకుముందు ఎన్నడూ పంపలేదు. యజమాని చెప్పలేదు, నా అంతట నేనే చేశాను.

అధికారి ఒకామె. కాగితాలు నెమ్మదిగా, ఒక్కొక్కటే చూసే మనిషి. ముందు మస్టర్ తెరిచి, జెండా పండుగ రోజుల్లో ఈ ఆడవాళ్లకు మాత్రం వారాంతపు సెలవు ఎందుకు రాశారని అడిగింది. పరస్పర అంగీకారంతో అన్నాను. తర్వాత డిసెంబరు పేజీ తీసి సువార్త వైపు తిప్పింది.

"నాలుగు రోజులు రాలేదని ఉందమ్మా."

"పండుగ నాడు రాలేదు మేడం. ఇరవై ఆర్నాడు అచ్చిన. మెట్ల కాడ్నే నిలవడ్డ. సార్ అద్దాలెనుక కూసున్నడు. నేను సార్ను సూసిన, సార్ నన్ను సూసిండు. సార్నే అడుగుండ్రి, చెప్తడు."

చెబుతానని ఆమె నిజంగానే నమ్మింది. అధికారి నన్ను అడిగింది.

"నేను ఆ రోజు కోరుట్ల పోలేదు మేడం" అన్నాను.

సువార్త నా వైపు తిరిగింది. "గట్లనా సార్" అంది. అంతే. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. రెండూ చేయలేదు. సాక్షి ఎవరైనా ఉన్నారా అని అడిగితే, "రజియక్క ఉన్నది మేడం, గియ్యాలనే సిరిసిల్లకు తోలిండ్రు" అంది. అధికారి నా వైపు చూసింది. నేను చార్ట్ చూపించాను. రజియా కోసం మార్చి చివర మరో తేదీ ఇచ్చింది. ఆ తేదీ వచ్చేసరికి లాక్‌డౌన్. షాపులు, ఆఫీసులు అన్నీ మూతపడ్డాయి. మళ్లీ తెరిచాక, ఫిర్యాదుదారు వేరే పనిలో కుదిరినందున ఆమెకు ఆసక్తి లేదని నేనే సంస్థ తరపున ఉత్తరం రాశాను. ఆమెను అడగలేదు. ఆమె ఏ పనిలోనూ కుదరలేదు. ఫైలు మూసేశారు.

ఆమెకు పని దొరకకపోవడానికి కూడా నేనే కారణం. కోరుట్లలో రెండు బట్టల షాపులు మడతల పనికి ఆమెను పెట్టుకుందామనుకుని, ఆనవాయితీ ప్రకారం పాత షాపుకు ఫోను చేశాయి. ఫోను ఎత్తింది నేను. మా దగ్గర చెప్పకుండా మానేసి పోయింది అన్నాను. కాగితంలో ఉన్నదే చెప్పాను కదా అని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను. కాగితంలో రాసిందెవరో మాత్రం ఆలోచించలేదు.

పోయిన ఏడు గాంధీ జయంతి, దసరా ఒకే రోజు వచ్చాయి. దానికి వారం ముందు నా స్థానంలో చేరిన కుర్ర మేనేజరు ఫోను చేశాడు. మర్యాదస్తుడు.

"సార్, రెండు సెలవులు ఒక్కనాడే పడ్డయి. రాజేశం చార్టుల గిది ఎట్ల ఎయ్యాలె?"

"ఏ చార్టు?"

"మీదే సార్. సగం పూటోళ్లది. మూడు షాపుల్ల అదే నడుస్తున్నది. నాకు చార్జిచ్చినప్పుడు ఆఫీసోళ్లు ఫస్టు అదే నేర్పిండ్రు."

ఫోను పెట్టేశాను. నేను పోయినా నా పట్టిక పోలేదు. ప్రతి జెండా పండుగకు మూడు ఊళ్లలో ఆడవాళ్ల దగ్గర ఒక్కో రోజు లాక్కుంటూనే ఉంది, అదీ నా పేరుతో. సిగ్గు అంతకుముందూ ఉండేది. కోపం ఆ రోజే వచ్చింది.

నాలుగో రోజు సువార్త ఊరికి వెళ్లాను. పసుపు చేనులో కలుపు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. కార్మిక శాఖకు వెళ్లి జరిగింది రాసిస్తానని చెప్పాను. పక్కసాలులో ఉన్న ఆడవాళ్లు పని ఆపి వింటున్నారు.

"రిటైరైనంక ధైర్యమచ్చిందా సార్?"

అవునన్నాను. మళ్లీ ఆ షాపులోనే పని ఇప్పించడానికి ప్రయత్నం చేస్తానన్నాను.

"గా కొలువు నాకద్దు. ఆ మెట్లు నేనెక్క. ఎగ్గొట్టి పోయిందన్నరు సార్, మా ఊర్ల గూడ అదే అన్నరు. మా ఆయన మస్కట్ కెల్లి ఫోన్ చేసి, పండుగ కోసం మంచి పని పోగొట్టుకుంటివి గదా అన్నడు. నేను పోగొట్టుకోలే. ఇరవై ఆర్నాడు అచ్చిన. గదొక్కటి రాయుండ్రి."

వెనుక నుంచి ఒకామె, "రాసి సంతకం వెట్టుమను వదినె, మల్ల పోలేదంటడేమో" అంది. చేనంతా నవ్వింది. సువార్త కూడా నవ్వింది. నేను తలవంచుకున్నాను.

రెండు పేజీల వాంగ్మూలం రాసి, నోటరీ దగ్గర ప్రమాణం చేసి కార్మిక శాఖలో ఇచ్చాను. ఇరవై ఆరున ఆమె వచ్చిందని, నేను చూశానని, ఆ రోజు కోరుట్ల పోలేదని అబద్ధం చెప్పానని, సాక్షిని కావాలనే సిరిసిల్లకు పంపానని, 'వర్తించదు' అన్న మాట నేను కల్పించిందని వరుసగా రాశాను. చార్ట్ ఎలా గీస్తారో కూడా వివరించాను. మూసేసిన ఫైలు ఇన్నేళ్ల తర్వాత తెరవడం కష్టమన్నారు. మూడు షాపుల మస్టర్లు మాత్రం తెప్పించి చూస్తామన్నారు. చూశారో లేదో ఇది రాసే నాటికి నాకు తెలియదు. ఒక ప్రతి యజమానికి పంపాను. అతను ఫోను చేసి, "అన్నిట్ల సంతకాలు నీయే ఉన్నయి, యాదుంచుకో" అన్నాడు. గుర్తుంచుకునే ఇచ్చానన్నాను. ముద్ర వేసిన ఇంకో ప్రతి సువార్తకు ఇచ్చాను. చేనుగట్టు మీదే నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒక చోట తేదీ తప్పు పడితే చూపించింది. దిద్ది, పక్కన సంతకం పెట్టాను.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు చెప్పవలసింది ఎక్కువేమీ లేదు. పార్ట్ టైం అన్నది గంటల లెక్క. పండుగ రోజుకు దానితో పని లేదు. ఆ సెలవు వాళ్లకు ఎలా తప్పించాలని యజమాని అడిగితే, దారి లేదని చెప్పడమే మన పని. నేను దారి చూపించాను, ఆ తర్వాత చేసినవన్నీ దాన్ని కాపాడుకోవడానికే చేశాను. మీ కళ్ల ముందు నిలబడిన మనిషికి మస్టర్‌లో 'ఎ' రాయకండి. రాసిన తర్వాత దాన్ని తీసేసే అధికారం రాసినవాడికి కూడా ఉండదు. ఆ రిజిస్టర్‌లో ఇరవై ఆరో తేదీ గడిలో ఈ రోజుకూ 'ఎ' అనే ఉంది.